పేరు చెబితేనే గడియ తీసేది

సౌదీలోని అభా ఊళ్లో ఆసుపత్రి ఊడ్చి తుడిచే ఆడవాళ్లం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. అందరిలోకీ చిన్నది నన్ను వదినా అని పిలిచేది. ఎవరు తలుపు కొట్టినా అది ఊరికే తీసేది కాదు. గొంతు గుర్తుపట్టినా సరే, పేరు చెప్పాల్సిందే.

"నేనేనే, కాళ్లు పీకుతున్నాయి, తియ్యి."

"పేరు చెబితే అరిగిపోతావా వదినా?" అని లోపలినుంచి నవ్వేది. చెప్పాకే గడియ తీసేది.

దానికి సెలవైన రోజు మధ్యాహ్నం మేం ముగ్గురం డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. లోపల దాన్ని తన చున్నీతోనే మెడ బిగించి చంపేశారు. గడియ విరగలేదు. వంటకని కడిగిన బియ్యం గిన్నెలో నానుతున్నాయి.

పోలీసులు అడిగినప్పుడు, పేరు చెప్పనిదే తీయదన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, మా పేర్లు తెలిసిన మావాళ్లెవరో వచ్చారని అనుమానం మా ముగ్గురి మీదికే వస్తుంది. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, రద్దుచేసి ఇంటికి పంపేస్తారు. మొగుడు పోయినదాన్ని, ఊళ్లో ఇద్దరాడపిల్లలకు నేనే దిక్కు. "నాకేం తెలీదు సార్" అన్నాను. చంపింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

మొన్న ఆ చిన్నదాని అమ్మ ఊరినుంచి ఫోన్ చేసింది. "అది పిరికిది కదమ్మా, ఎవరికి తీసుంటది?"

"తెలీదత్తా."

అబద్ధం కాదు. కానీ బయట ఎవరో నా పేరే చెప్పి ఉంటారని, నన్నే అనుకుని అది నవ్వుతూ తీసి ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఆ మాట ఆ తల్లికి ఏ నోటితో చెప్పను?