మెత్తబడిన బూట్లు

మా కూతురు పరుగులోకి వచ్చింది నా వంటపని వల్లే. గండికోట దగ్గర గుడారాలు వేసి యాత్రికులకు బస ఇచ్చే ఒకచోట నేను వంట చేసేదాన్ని. చలికాలం వస్తే కొండల్లో పరుగెత్తే అలవాటున్న వాళ్లు బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి గుంపులుగా వచ్చేవాళ్లు. తెల్లవారుతూనే కోట చుట్టూ, పెన్న లోయ అంచున రాళ్ల మీద పరుగెత్తి, ఎండెక్కేసరికి తిరిగొచ్చి సంగటి ఉందా అని అడిగేవాళ్లు. డిగ్రీ చదువుతున్న మా పాప సెలవుల్లో నాకు సాయంగా వచ్చేది. ఒకరోజు లోయలోకి దిగే దారి చూపించమని వాళ్లు అడిగితే ముందు నడిచింది. కాసేపటికి ఆ నడక పరుగైంది. తిరిగొచ్చాక వాళ్లంతా చాపల మీద పడి ఆయాసపడుతుంటే, మా పాప పాత గుడ్డ బూట్లతోనే నీళ్ల క్యాను ఎత్తుకొచ్చి అందరికీ పోసింది.

తినేటప్పుడు వాళ్ల మాటలన్నీ బూట్ల గురించే. అడుగున మెత్తటి నురుగు, ఆ నురుగు మధ్యలో కార్బన్‌తో చేసిన పలుచటి గట్టి పలక ఉండే బూట్లు కొత్తగా వచ్చాయట. వాటి మీద ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వెనకనుంచి ఎవరో చెయ్యి పెట్టి తోస్తున్నట్టుంటుందని ఒకాయన అనేవాడు. చదునైన దారిలో అది నిజమే గాని ఈ రాళ్లలో పాదం కింద ఏముందో తెలియడం లేదు, పీట మీద నిలబడినట్టుందని ఇంకొకాయన కొట్టిపారేసేవాడు. ఎక్కేటప్పుడు దేవుడిచ్చిన బూట్లు, దిగేటప్పుడు దేవుణ్ని తలుచుకోవలసిన బూట్లు అని ఒక పిల్ల నవ్వేది. నేను సంగటి వడ్డిస్తూ వినేదాన్ని. మా వైపు చెప్పు గురించి అడిగేది రెండే. కరుస్తుందా? ముల్లు దిగుతుందా?

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. మా పాపే ఇంటి ముందు నాపరాయి బండ మీద సుద్దముక్కతో దిద్దించింది. అందుకే రాయడం నాకు ఇప్పటికీ నెమ్మది. కానీ ఆ బూట్ల సంగతి ఎవరికీ నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లలో ఒక మేడం ఉండేది. ఆమెకు తెలుగు రాదు. మా పాపతో ఇంగ్లీషులో మాట్లాడేది. తను తెప్పించుకున్న కొత్త బూట్లు తనకు బిగువయ్యాయని, ఆ పలక ఉన్నవే, మా పాపకు ఇచ్చింది. వచ్చే నెలలో గండికోటలోనే పందెం ఉంది, అందులో ముందు వరసలో వస్తే తమ ఊళ్లో హాస్టల్లో పెట్టి పరుగు నేర్పించే ఆయనతో మాట్లాడతానని చెప్పింది. ఆయన కూడా చూడడానికి వస్తాడట. మా పాప ఆ బూట్లు వేసుకుని కోట గుమ్మం దాకా పోయి వచ్చింది. మొహమంతా వెలుగు.

"మా, బాయి గట్టు మీద నుంచి దుంకేటప్పుడు కాళ్లు నేలను ఇడుస్తాయి సూడు, అడుగడుక్కీ అట్లనే ఉండాది" అంది.

పందెం దాకా వాటిని అరగదీయకూడదని గుడ్డలో చుట్టి ఇంట్లో దాచింది.

మా ఆయన నాపరాయి గనిలో పనిచేసేవాడు. కొత్త చెప్పు కరిస్తే గనిలో ఆ రోజంతా నరకం. అందుకని మా ఇంట్లో ఎవరికి కొత్త చెప్పులు వచ్చినా ముందు ఆయన చేతిలోకే పోవాలి. ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాడు. తోలు నూనె తాగాక రాతి అంచుకు ఆనించి, మోకాలితో అదిమి, అటూ ఇటూ వంచి వంచి మెత్తబరిచేవాడు. చుట్టాలు కూడా తెచ్చి ఇచ్చేవాళ్లు. పాప బడికి పోయే రోజుల్లో ఒక్కసారి కూడా దాని కాలికి బొబ్బ రాలేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బిడ్డ మీద ఆయనకున్న ముద్దంతా ఆ చేతుల్లోనే కనపడేది.

పందెం ఇంకా కొద్దిరోజులుందనగా నేను పని నుంచి వచ్చేసరికి ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆ బూట్లు. ఆముదంతో నిగనిగలాడుతున్నాయి.

"శానా మొండివి మే ఇవి" అన్నాడు. "ఎండకు పెట్టినా వంగవు, నూనె పట్టిచ్చినా వంగవు. ఇంత బిరుసువి ఏసుకుంటే బిడ్డ కాళ్లు ఏం కావాల? బండకు ఆనిచ్చి గట్టిగా అదిమినా. ఆఖర్న లోపల టక్కుమనె. ఆన్నుంచి ఎట్ల వంగుతాండాయో సూడు."

చపాతీని మడిచినట్టు మడిచి చూపించాడు. వడ్డించేటప్పుడు విన్న మాటలు గుర్తొచ్చాయి. ఆ బిరుసే కదా వాళ్లంతా చెప్పుకున్నది. అయినా నేను విన్నది సరిగ్గా అర్థమైందో లేదో నాకే నమ్మకం లేదు. పాప రానీలే అనుకున్నాను.

పాప కాలేజీ నుంచి వచ్చి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. వంచింది. అది మడతపడింది. ఇంకోటి తీసుకుంది. అదీ అంతే.

"ఎట్లుండాయి పాపా?" అని అడిగాడు ఆయన.

"మెత్తగా ఉండాయి నాయనా" అంది.

లోపలికొచ్చి పొయ్యి దగ్గర నా పక్కన కూలబడింది. లోపలి పలక విరిగిపోయిందని మెల్లగా చెప్పింది. పాత గుడ్డ బూట్లే వేసుకుని పరుగెత్తమన్నాను. మేడంకు ఫోను చేసి నిజం చెప్పమన్నాను. అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"నాయన గనికి సెలవు పెట్టి సూడనీకి వస్తాండాడు మా. పాతవి ఏసుకుంటే ఎందుకని అడగడా? నాయనకు ఏమని చెప్పేది?"

పందెం రోజు ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పాప మొదట్లో ముందున్న వాళ్లతోనే ఉందని దారిలో నీళ్లిచ్చేవాళ్లు వచ్చి చెప్పారు. లోయలోకి దిగేచోట విరిగిన పలక అంచు అడుగును చీల్చుకుని అరికాల్లోకి పొడుచుకుందట. పాదం మోపలేక పక్కకు వేస్తే రాయి మీద మెలితిరిగింది. అందరూ వచ్చాక, ఒక పిల్ల భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. పరుగు నేర్పే ఆయన అప్పటికే గెలిచినవాళ్లతో మాట్లాడుతున్నాడు.

మేడం పరుగెత్తుకొచ్చి మేజోడు విప్పి రక్తం తుడిచింది. తర్వాత బూటు తీసుకుని చూసింది. ఆముదం వాసనకు మొహం చిట్లించి, బూటును వంచింది. ఆమె ఏమడిగిందో, మా పాప ఏం చెప్పిందో నాకు తరువాత ఆసుపత్రికి పోయే ఆటోలో పాప చెవిలో చెబితే తెలిసింది. ఇదెలా విరిగిందని ఆమె అడిగింది. ఇంట్లో నా చేతుల్లోనే పాడైపోయింది, చూసుకోలేదు అని పాప చెప్పింది. మేడం మొహంలో జాలి పోయి ఇంకేదో వచ్చింది. విలువైన వస్తువు తగనివాళ్ల చేతిలో పెట్టాను అనుకునేవాళ్ల మొహం నేను ఎరగనిది కాదు.

అప్పుడే మా ఆయన ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"నేనే మెత్తగా చేసినా మేడం. బిడ్డ కాళ్లకు బిరుసుగా ఉండాయని."

ఆయన ఏమంటున్నాడని ఆమె పాపను అడిగింది. మీకు దండాలు చెప్తున్నాడు అంది పాప.

కాలి చిన్న ఎముక ఒకటి విరిగింది. కట్టు కట్టారు. అతికింది గాని సరిగ్గా అతకలేదు. నడవొచ్చు, పరుగు మరచిపొమ్మని డాక్టరు చెప్పాడు. మేడం ఒకసారి ఫోను చేసి కాలెలా ఉందని అడిగింది. హాస్టలు మాట ఎత్తలేదు. పాప కూడా ఎత్తలేదు. ఆ మరుసటి ఏడాది ఆ గుంపు వచ్చినప్పుడు నేను వంటలోనే ఉన్నాను. మళ్లీ బూట్ల మాటలే. నాకు వడ్డించాలనిపించక ఇంకొకామెకు గరిటె ఇచ్చాను.

ఇప్పుడు పాప కర్నూలు పక్కన కల్లూరులో పచ్చళ్లు ప్యాకింగు చేసే చోట పనిచేస్తోంది. నేను దాని దగ్గరే ఉంటున్నాను. పొద్దున షేర్ ఆటో కోసం రోడ్డు దాటేటప్పుడు ఎడమ పాదాన్ని అంచు మీద వేసి నడుస్తుంది. ఎవరైనా తొందరపెడితే నవ్వుతుంది. ఒక్కసారైనా తండ్రి మీద కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన మీద నాకూ కోపం రాదు, మేడం మీదా రాదు. ఎవరి మీదా పెట్టుకోలేని బాధ ఇంట్లో మనిషిలా కూర్చుని ఉంటుంది.

మొన్న మా ఆయన ఊరి నుంచి వచ్చాడు. భోజనం చేసి చాప మీద కూర్చున్నాక, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్నట్టుంది, బయటపెట్టాడు.

"అంత మంచి బూట్లు ఎవురిస్తారు పాపా? నేనూ నా చాతనయినంత చేసినా. నీకే రాసిపెట్టి లేకపాయ."

నేను వంటగది గుమ్మంలో నిలబడిపోయాను. పాప చేతిలోని గ్లాసు కింద పెట్టింది.

"బూట్లు శానా బాగుండె నాయనా. నా కాలే సరిగా పడలా" అంది.

ఆయన దగ్గరికి జరిగి ఆ కాలు తన ఒళ్లోకి తీసుకున్నాడు. గనిలో కాయలు కాసిన బొటనవేళ్లతో మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా నొక్కుతూ, ఈడనా, ఈడనా అని అడుగుతూ పోయాడు. ఆయన అడిగిన ప్రతిచోటా లేదు నాయనా, నొప్పి లేదు అంటూ ఉంది నా బిడ్డ.