‘ఆడుంది’ తెలుగు కాదట!

తమిళనాట హోసూరు దగ్గర, అత్తిముగం పక్కన మా ఊరి బడిలో తొంభైలలో నేను ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనే చదువుకున్నాను. రెండువేలు దాటాక నా కూతుర్ని అదే బడిలో, అదే తెలుగు సెక్షన్‌లో వేశాను. చుట్టాలందరూ హోసూరు ఇంగ్లీషు బడి వ్యాన్ ఎక్కించమన్నారు. నేను వినలేదు. మొండిదాన్నన్నారు, అననీ!

తమిళం ఒకటో తరగతి నుంచే తప్పనిసరి అయింది ఆ రోజుల్లోనే. దానితో నాకు పేచీ లేదు. సంతలో, బస్సులో, ఆస్పత్రిలో మేం మాట్లాడేది తమిళమే కదా! తెలుగు అయ్యవారు రిటైరైపోతే ఇంకొకరిని వేయలేదు, అదీ నా కడుపుమంట. ఇంట్లో నేనే పిల్లచేత అక్షరాలు దిద్దిస్తూ వచ్చాను. అయ్యవారు లేక పిల్లలు తగ్గిపోయారు. తగ్గిపోయారు కాబట్టి సెక్షన్ ఎత్తేసి, ఉన్నవాళ్ళను తమిళంలో కలిపేస్తామన్నారు.

విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. తల్లులందరినీ పిలిపించారు. రెండో తరగతిలో ఉన్న నా కూతుర్ని "మీ ఇల్లు ఎక్కడ?" అని వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఆడుంది సార్," అని అది కిటికీలోంచి చెయ్యి చూపింది.

ఆయన నవ్వాడు. "ఇదు తెలుంగా? పుస్తకంలో 'అక్కడ' అని కదా ఉంటుంది! ఈ మాత్రానికి వేరే సెక్షన్ ఎందుకమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆడ అంటే ఆడ్నే సార్! మా ఇల్లు ఆడ్నే ఉంది, యాడికీ పోలేదు. తాతల కాలం నుంచీ ఈడ సేద్యం చేసేది మేమే. మాది తెలుగు కాకుంటే ఇంకెవురిది సార్ తెలుగు?" అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళు నా కొంగు పట్టి లాగారు.

హెడ్‌మాస్టరు మంచివాడే. "ఊరుకోమ్మా, సంతకం పెట్టేసి పో," అంటూ ఒక కాగితం జరిపాడు. పిల్లను తమిళ సెక్షన్‌కు మార్చడం నాకు సమ్మతమేనని అందులో తమిళంలో అచ్చేసి ఉంది. నాకంటే ముందు ముగ్గురు సంతకాలు చేసేశారు. భయం వేసింది, అబద్ధమెందుకు? అయినా సంతకం చోట నా పేరు రాయలేదు. ఒక్క మాట రాసి కాగితం తోసేశాను.

ఆఫీసరు తిప్పి తిప్పి చూసి హెడ్‌మాస్టరుకిచ్చాడు. తెలుగు సెక్షన్ ఉన్న బడికి ఆయనే పెద్ద. ఆయనకూ తెలుగు చదవడం రాదు.

"ఏం రాసినావమ్మా?" అని హెడ్‌మాస్టరు అడిగాడు.

నా కూతురు బల్ల మీదికి వంగి, వేలు పెట్టి కూడబలుక్కుంది.

"ఒ... ప్పు... కో... ను."

తరవాత తలెత్తి, వాళ్ళిద్దరికీ వినపడేలా గట్టిగా చదివింది. "ఒప్పుకోను, సార్."