మామ కాటా మీద తూచిన స్ప్రింగులు

నా చిన్నప్పుడు మా నాన్న చెయ్యి చేసుకోని వారం మా ఇంట్లో ఉండేది కాదు. సండూరు కొండల నుంచి ఇనుపరాయి దింపే లారీ ఆయనది. ఒకసారి అమ్మ పక్కటెముక విరిగేదాకా కొట్టాడు. ఇప్పుడు మనవలు ఆయన గురించి అడిగితే మాట మారుస్తాను. ఈ ఒక్క సంగతి మాత్రం దాచకుండా రాస్తున్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. బ్రేకులు అరుగుతాయని నాన్న లోడు బండిని సెకండు గేరులో కొండ దింపేవాడు. ఇంజను గొంతు చించుకుని అరిచినా పట్టించుకునేవాడు కాదు. ఇంజను అలా మితిమీరి తిరిగితే, సత్తువ తగ్గిన స్ప్రింగులు, ఇంజనులోకి గాలి వదిలే వాల్వులను వేళకు మూయలేవు. పైకొచ్చే పిస్టను వాటిని గుద్దేస్తుంది. ఒక రోజు సరిగ్గా అదే జరిగి ఇంజను పగిలింది. లారీ బండకు ఒరిగి ఆగబట్టి నాన్న బతికాడు.

తప్పు తనదని ఒప్పుకునే మనిషా ఆయన! నేరుగా బళ్లారిలో మామ షెడ్డుకు వచ్చాడు. మామ అమ్మకు తమ్ముడు, ఆ ఇంజను బిగించిన మిస్త్రీ. మామకు అన్నం క్యారియరు తెచ్చి నేనూ అక్కడే ఉన్నాను. నాన్న చక్రాల నట్లు విప్పే వీల్ పానా ఎత్తి మామ నెత్తిన కొట్టాడు. కింద పడ్డాక కూడా కడుపులో తన్నాడు. నేల మీద ఆయిలులో రక్తం కలిసిపోయింది.

మూడో రోజు నాన్న పగిలిన లారీని ఆ షెడ్డుకే లాగించుకుని మళ్లీ వచ్చి, బజారులో దొరికిన వాటిలోకెల్లా గట్టి స్ప్రింగులు తెచ్చి మామ ముందు విసిరాడు.

"ఇవే ఏయల్ల. ఈ తూరి ఇంజను పగిలిందంటే నీ పీనుగ ఈడ్నే లేస్తాది."

ఆయన వెళ్లాక నేను మామ దగ్గరకు పోయాను.

"పాతవే ఏసెయ్ మామా. కొండ దిగేటప్పుడు సచ్చిపోతాడు."

ఆ మాట నిజంగా అన్నాను. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు. తలకు కట్టుతో ఉన్న మామ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"దెబ్బలు తినింది నేనమ్మా. దానికి పంచాయితీ పెడతా, వదల్ను. పనిలో పగ తీర్సుకుంటే నాకూ మీ నాయనకూ తేడా ఏముండాది?"

ఉల్లిగడ్డల మండీ నుంచి కాటా తెప్పించాడు. ఒక్కో స్ప్రింగునూ దాని మీద నిలబెట్టి, ఒకే ఎత్తుకు నొక్కి, ఎంత బరువుకు లొంగుతుందో నాకు చూపించాడు. పాతవి తేలిగ్గా కుంగాయి. నాన్న తెచ్చినవి మొండికేశాయి. అంత గట్టివి వేస్తే వాల్వులను తోసే క్యామే అరిగిపోతుందట. పాతవాటికంటే కొంచెం గట్టివి వెతికి తెచ్చి, వాటినే బిగించాడు.

బండి ఇచ్చేటప్పుడు నాన్నకు ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు తెచ్చినేవి ఏయలేదు బావా. సెకండు గేర్లో అరిపిచ్చినావంటే ఏ స్ప్రింగూ నిన్ను కాపాడదు. అక్కనూ పాపనూ నేను పిల్సుకపోతాండా." నాన్న చెయ్యెత్తాడు. మామ అంగుళం కూడా కదల్లేదు. ఎత్తిన చెయ్యి నాన్నే దించుకున్నాడు.

ఆ సాయంత్రమే మేము మామ ఇంటికి చేరాం. మామే చదివించి నన్ను నర్సును చేశాడు. చాలా ఏళ్లకు నాన్న, లేవలేని స్థితిలో, నా వార్డుకే వచ్చాడు. మంచం పక్కన నిలబడితే నా పదేళ్ల వయసునాటి కోపం అంతా అలాగే ఉంది. ఆయన్ని నేను క్షమించలేదు. మందు మాత్రం డాక్టరు రాసినంతే, రోజూ వేళకు ఇచ్చాను.