బ్రౌనీ ఎడమ చెవి

కుక్క చెవి ఊడి నేల మీద పడితే ఏ మాత్రం చప్పుడవుతుందో అని ఐదు రోజులు చెవులు రిక్కించుకుని బతికిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి. ఇంచుమించు ఉద్యోగం ఊడగొట్టుకున్నవాణ్ణి కూడా నేనే.

తొంభైల నాటి మాట. మత్తిగిరిలో అద్దె ఇల్లు, హోసూరు ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం, కొత్త కాపురం. నన్ను పర్మనెంట్ చేసే కాగితం మేనేజరు గారి బల్ల మీద సంతకం కోసం కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఆయన కుటుంబంతో ఊరికి పోతూ, "నీ ఇంటికి పెరడుంది కదా" అని బ్రౌనీని నాకు అప్పగించారు. బ్రౌనీ పేరుకే కుక్క. ఒళ్లు తక్కువ, చెవులు ఎక్కువ. నడిస్తే అవి నేల ఊడ్చేవి, తింటే అన్నంలో మునిగేవి.

"చెవులు జాగ్రత్తప్పా," అన్నారు ఆయన భార్య, మా మేడం. "తడి తగిలితే చీము పడతాది. తినేటప్పుడు పైకి పట్టుకోవాల. ఆ చెవులంటే నాకు ప్రాణం."

మొదటి రోజు పట్టుకున్నాను. అది తినకుండా నా మొహమే చూస్తూ కూర్చుంది. రెండో రోజు నాకు తెలివి పుట్టింది. నా భార్య సుగుణ జడకు పెట్టుకునే ఎర్ర రబ్బరు బ్యాండ్లు రెండు అడక్కుండా తీసి, ఆ చెవులను చాపల్లా చుట్టి, చెరొకటి బిగించాను. ఎంత బాగా తిందో! మురిసిపోతుండగా ఫ్యాక్టరీ బస్సు హారన్ కొట్టింది. పరుగెత్తాను, బ్యాండ్లు విప్పడం మరిచి.

సాయంత్రం వచ్చేసరికి రెండు చెవులూ వేలాడుతున్నాయి. ఒక బ్యాండు గిన్నె పక్కన తెగి పడి ఉంది. రెండోది లేదు. కుడి చెవి తడిమితే బ్రౌనీ ఊరుకుంది. ఎడమ చెవి మీద చెయ్యి వేస్తే గుర్రుమంది. ఆ దట్టమైన బొచ్చులో, చెవి మొదట్లో బిగుసుకుని ఉందన్నమాట! సుగుణను అడుగుదామంటే బ్యాండ్లు దొంగిలించింది నేనే. పశువుల డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన మేనేజరు గారికి స్నేహితుడు. నోరు మూసుకున్నాను.

మర్నాడు ఊత్తంగరై నుంచి మా నాయన వచ్చాడు, గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరకు హోసూరులో సాన పట్టించడానికి. మాటల మధ్య మెల్లగా అడిగాను.

"నాయనా, ఒక జీవానికి చెవికి రబ్బరు బిగుసుకుంటే ఏమవుతాది?"

"గొర్రెకు పులిపిరి లేస్తే ఏం చేస్తాము రా? వెంట్రుకతో బిగించి కడతాము. మూడు దినాలకు నల్లబడతాది. వారానికి అదే రాలిపోతాది."

"చెవి కూడానా?"

"చెవేమన్నా కొమ్మా? మాంసమే కదా."

"ఒకవేళ ఆ రబ్బరు మింగేసుంటే?"

"మింగుంటే మేలే, తెల్లారేకి వెనకనించి వస్తాది. ఎవరి చెవి రా?"

"ఎవరిదీ కాదు."

తెల్లవారి ఆ వెనక సంగతి కూడా పుల్ల పెట్టి పరిశీలించాను. లేదు. మేడం వచ్చేది ఆదివారం. నాయన చెప్పినట్టయితే చెవి రాలిపడేదీ ఆ దగ్గర్లోనే. ఆమె ముద్దుగా పట్టుకోగానే చేతికి వచ్చేస్తే? ఫ్యాక్టరీలో నా పని రబ్బరు వాషర్లు బిగించడం. వాషరు తాకితే చాలు, బ్రౌనీ చెవే గుర్తొచ్చేది. నిజంగా భయపడ్డాను. అన్నం సహించలేదు.

శనివారానికి ఇక తట్టుకోలేక నాయనకు అంతా చెప్పేశాను. ఆయన బ్రౌనీని గొర్రెను పట్టినట్టు ఒడిసిపట్టాడు. నేను సాన పట్టిన కత్తెరతో ఎడమ చెవి బొచ్చంతా కత్తిరించాను. చెవి గులాబీ రంగులో, వెచ్చగా, నిక్షేపంగా ఉంది. బ్యాండు లేదు! కానీ ఇప్పుడు ఒక చెవి బోడిది.

"రెండోది కూడా కొట్టేయి రా, జత కుదరతాది," అన్నాడు నాయన. కొట్టేశాను.

ఆదివారం మేడం వచ్చారు. బోడి చెవులు చూసి కొయ్యబారిపోయారు. ఆమె చెవులెత్తి లోపలికి చూశారు.

"బొచ్చు తీసేయమని డాక్టరు ఎప్పటినించో చెప్తా ఉన్నారు, గాలాడాలని. నాకే మనసు రాలేదు. లోపలంతా ఎంత బాగుండాదో చూడు!"

నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సుగుణ కాఫీ ఇచ్చి వెనక్కి తిరిగింది. ఆమె జడ చివర ఎర్ర బ్యాండు!

"ఆ బ్యాండు యాడిది?" అని అరిచేశాను.

"యాడిదేమి, నాదే. ఆ దినం మీరు బస్సెక్కినాక చూస్తే కుక్క చెవికి ఉండె. పాపమని తీసి, కడిగి పెట్టుకున్నాను."

"ఇన్ని దినాలూ నీ జడలోనే ఉండెనా?"

"పొద్దస్తమానం ఆ కుక్క చెవినే చూస్తా ఉంటిరి. నా జడపక్క ఒక్కసారన్నా చూసినారా?"

మేడం చేతిలో కప్పు నోటి దాకా వచ్చి ఆగింది. "కుక్క చెవికి ఏం పెట్టినారు?"

పర్మనెంట్ కాగితం వచ్చింది, రెండు నెలలు ఆలస్యంగా. ఆ తర్వాత కూడా బ్రౌనీ మా ఇంటికి వచ్చేది. అయితే గొలుసు మాత్రం మేడం సుగుణ చేతికే ఇచ్చేవారు.

బ్రౌనీ రెండు చెవుల సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఏ ప్రాణి చెవికీ ఏదీ బిగించను. ఇంట్లో ఏది కనబడకపోయినా, ముందు మా ఆవిడ జడ చూశాకే కుక్క జోలికి పోతాను.