మా నాన్న కుడి భుజం

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. దూరంగా కూర్చుంటే ఈ మెట్రో చప్పుడులో నా మాట సగమే అందుతుంది. ముందే చెబుతున్నాను, ఇది సంతోషంగా ముగిసే సంగతి కాదు. అయినా వినండి.

మా నాన్న తాపీ మేస్త్రి. గోడ కట్టేవాళ్ళు చాలామంది ఉంటారు కానీ, పైకప్పుకు లోపలివైపు గిలాబు చెయ్యడం అందరి వల్లా కాదు. తల మీదికి చెయ్యెత్తి సిమెంటు కొట్టాలి, అది మొహం మీద పడేలోగా చదును చెయ్యాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెయ్యి పైనే ఉండాలి. అప్పుడు పంజాగుట్ట చుట్టూ కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. పైకప్పు పని అంటే మా నాన్నకే కబురు వచ్చేది.

ఒకరోజు పరంజా మీద ఆయన కాలు జారింది. పడిపోకుండా కుడిచేత్తో పైనున్న వెదురు పట్టుకుని వేలాడాడు. ప్రాణం దక్కింది కానీ భుజంలో ఏదో పట్‌మందట. ఇంటికొచ్చి మా అమ్మకు నవ్వుతూనే చెప్పాడు. తెల్లారేసరికి చెయ్యి పైకి లేవలేదు.

మా వాడలో విరిగినా బెణికినా ఆసుపత్రికి పోవాలని ఎవరికీ తోచేది కాదు, కుస్తీలు పట్టే పహిల్వాన్ దగ్గరికే పోయేవాళ్ళం. ఖైరతాబాద్ దిక్కున ఒకాయన ఉండేవాడు. భుజం మీద ఇలా చెయ్యి వేసి అలా తీసి, "నరం మీద నరమెక్కింది మేస్త్రీ, ఫికర్ చెయ్యకు. గుంజి రుద్దితే దిగుతది" అన్నాడు. మంచివాడే పాపం, తనకు తెలిసిందే చేశాడు. ప్రతి ఆదివారం మా నాన్న అక్కడ కూర్చుని పళ్ళు బిగపట్టేవాడు. నూనె గిన్నె పట్టుకుని పక్కన నేను నిలబడేదాన్ని. నాలుగు నెలలు అలాగే పోయాయి.

ఆ నాలుగు నెలల్లో మా నాన్న ఒక ఉపాయం నేర్చాడు. ఒళ్ళంతా ఎడమకు వంచి, కుడి భుజాన్ని చెవి దాకా ఎగరేసి, ఒక్క విసురుతో చెయ్యి పైకి లేపేవాడు. మళ్ళీ అంతే గబుక్కున దించేసేవాడు. అమ్మ నీళ్ళకు నల్లా దగ్గరికి పోయినప్పుడు నన్ను ఎదురుగా నిలబెట్టి చేసి చూపించేవాడు.

"జూడు బిడ్డా, లేసిందా?"

"మస్తు లేసింది నాయినా."

నిజంగానే బాగవుతోందని నేను నమ్మాను. ఆయన కూడా నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పంజాగుట్టలో ఒక పెద్ద ఇంటి పైకప్పు పని ఉందని అప్పుడే కబురొచ్చింది. పని పట్టిన గుత్తేదారు మాత్రం, ఒకసారి జారినవాణ్ని ఊరికే పరంజా ఎక్కించనన్నాడు. చెయ్యి బాగైందని వైద్యం తెలిసినవాళ్ళ చేత చెప్పించమన్నాడు. మాకు అలాంటివాళ్ళంటే పక్కింటి అక్కే. ఆ నెలలోనే కోస్తా నుంచి వచ్చి మా పక్క పోర్షన్‌లో అద్దెకు దిగింది. పెద్దాసుపత్రిలో పడిపోయిన కాళ్ళకూ చేతులకూ కసరత్తులు చేయించే పని ఆమెది. పిల్లలం కసరత్తక్క అనేవాళ్ళం.

ఒక ఉదయం ఆమె మా ఇంటికి వచ్చింది. మా నాన్న చాప మీద పెళ్ళికొడుకులా తయారై కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళైంది అన్నయ్యగారూ?"

"ఒక నెలైతది చెల్లె."

ఆమె నా వైపు చూసింది. "నెలే అక్కా" అన్నాను నేను. ఎవరూ నా చేత చెప్పించలేదు. నా అంతట నేనే ఆ అబద్ధం ఆడాను.

చెయ్యెత్తమంటుందని మేమిద్దరం కాచుకుని ఉన్నాం. ఆమె అడగలేదు. చొక్కా విప్పమంది. ఏ చెయ్యి ముందు తీస్తాడో, ఏ చేతిని కదిలించకుండా బట్టను దాని మీద నుంచి లాగుతాడో చూస్తూ ఊరుకుంది. తర్వాత ఆయన వెనక్కి వెళ్ళి నన్ను పిలిచింది. ముందు నా చెయ్యి ఎడమ భుజం వెనక, రెక్క ఎముక మీద పెట్టించింది. "బాగున్నవైపు ఎలా ఉందో ముందు తెలుసుకోవాలి బుజ్జీ. లేకపోతే రెండోవైపు ఏం పోయిందో తెలియదు" అంది. అక్కడ కండ నిండుగా తగిలింది. కుడివైపు పెట్టించింది. అక్కడ నా వేళ్ళు ఒక గుంటలోకి దిగాయి. నాలుగు నెలలు నూనె గిన్నె పట్టుకున్నాను కానీ ఆ గుంటను ఒక్కరోజూ చూడలేదు.

"నెలలో ఇంత గుంట పడదండీ" అందామె మెల్లగా.

అప్పుడు చెయ్యెత్తమంది. ఆయన తన ఉపాయమంతా చూపించాడు. ఆమె ఆయన కుడి భుజం మీద అరచెయ్యి ఆనించి, "ఈ భుజం ఎగరకుండా ఎత్తండి" అంది. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత ఆమే ఆ చేతిని పట్టుకుని మెల్లగా పైకి లేపింది. అది చెవి పక్క దాకా, నిలువుగా, పూర్తిగా పోయింది! "పోయింది జూడు, మొత్తం పోయింది!" అని మా నాన్న అరిచాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆమె నవ్వలేదు. చేతిని పక్కకు, భుజమెత్తు దాకా దించి, "వదిలేస్తున్నాను, మీరు పట్టుకుని మెల్లగా దించండి" అంది. వదిలింది. చెయ్యి తడిబట్టలా పడిపోయింది.

కానీ ఒడిలో పడలేదు. ఆమె రెండో అరచేతిలో పడింది. వదలకముందే ఆ అరచెయ్యి కింద పెట్టి ఉంచింది. అంటే పడుతుందని ఆమెకు ముందే తెలుసు.

"నరం ఎక్కడం కాదండీ. చేతిని పైకి లాగే తాడు లాంటిది ఉంటుంది, అది తెగింది. తెగినదాన్ని రుద్దితే అతకదు."

"కసరత్తు చేస్తే?"

"నొప్పి తగ్గుతుంది. అన్నం తింటారు, చొక్కా తొడుక్కుంటారు. పైకప్పు పని మాత్రం చెయ్యలేరు అన్నయ్యగారూ."

"జర మెల్లగ చెప్పు చెల్లె, మీ వదినె ఇంటది" అన్నాడు మా నాన్న. మా అమ్మ చాయ్ గ్లాసులతో అప్పటికే గుమ్మంలో ఉంది.

మర్నాడు అక్క సెలవు పెట్టి ఆయన్ను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరూ అదే అన్నాడు. మొదటి వారాల్లో వస్తే కుట్టి చూసేవాళ్ళమేమో, ఇప్పుడు తెగిన కొస లోపలికి ముడుచుకుపోయిందన్నాడు. అక్క నేర్పిన కసరత్తులు మా నాన్న ఒక్క పూటా తప్పకుండా చేశాడు. నొప్పి తగ్గింది. చెయ్యి లేవలేదు. మిగతా జీవితమంతా ఇతరులు కట్టే ఇళ్ళ దగ్గర సిమెంటు బస్తాలకు కాపలా కూర్చున్నాడు. పంజాగుట్టలో నడుస్తుంటే ఏదో ఒక ఇంటి ముందు ఆగి, "గీ ఇంట్ల పైన గిలాబు నాదే" అనేవాడు. ఇప్పుడు ఆ ఇళ్ళు కూడా లేవు. వాటిని పడగొట్టి షాపులు కట్టారు.

ఆ రోజు నుంచి ఎవరు ఏ నొప్పి చెప్పినా, ముందు బాగున్నవైపు చెయ్యి వేసి చూస్తాను. "మస్తు లేసింది" అన్న నా మాట గుర్తొస్తుంది కాబట్టి, బాగుందని తొందరపడి అనను. చెప్పక తప్పని మాట ఉంటే చెబుతాను. చెప్పేముందు మాత్రం నా రెండో అరచెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట ఎత్తిన చెయ్యి ఏదీ అలా పడకూడదు. పడే రోజే వస్తే, దాని కింద ఒక అరచెయ్యి ముందే ఉండాలి.