పద్దెనిమిది కర్రల లెక్క

మా నాయన తన అజాగ్రత్త వల్లే అడవిలో తప్పిపోయాడని మాచర్లలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అలా అనేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు మాతో నడవలేదు. నడిచినవాళ్ళేమో నోరు విప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా తప్పు ఉన్నచోట నా తప్పు కూడా రాస్తాను.

నాయన ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ గనిలో పనిచేశాడు. రాతి దుమ్ముకు ఆయాసం పట్టుకుంటే పని మానుకుని రెండేళ్ళుగా ఇంటి దగ్గరే ఉన్నాడు. ఆ గనివాళ్ళు ఏటా కార్తీకం వెళ్ళాక డోర్నాల దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి పాత కాలిబాటన నల్లమల ఎక్కి శ్రీశైలం చేరేవాళ్ళు. రెండు రోజుల నడక. ఓపిక ఉన్నంతకాలం నాయన ఏ ఏడూ మానలేదు. ఎనభైల మధ్యలో ఒక ఏడు, ఇంకొక్కసారి పోతానని పట్టుబట్టాడు. వద్దన్నాను. వినలేదు. అయితే నేనూ వస్తానన్నాను.

గని మేస్త్రే ఆ గుంపుకి పెద్ద. నేనొస్తానంటే ఆయన నాతో ఏమీ అనకుండా నాయనతో అన్నాడు. "మీవాడికి కొండెక్కే పనేంది? బస్సులో రమ్మను, పైన కలుద్దాం." నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాయన నవ్వాడు. మేస్త్రి మాట కంటే ఆ నవ్వే నాకు ఎక్కువ గుర్తుంది.

నేను అప్పట్లో గురజాలలో దస్తావేజులు రాసేవాణ్ణి. అందుకని గనివాళ్ళకి నేను రైటర్ని, పేరుతో పిలిచినవాడు లేడు. బయల్దేరడానికి వారం ముందు మేస్త్రి అరుగు మీద అందరూ కూర్చుంటే, నేను నాలుగు రోజులు అడిగి తెలుసుకున్న సంగతులన్నీ ఒక పెద్ద కాగితం మీద వరసగా రాసి తీసుకెళ్ళాను. నీళ్ళు ఎక్కడెక్కడ దొరుకుతాయి, ఎక్కడ ఆగాలి, పెద్దవాళ్ళ వెనక ఎవరు నడవాలి. ఆగిన ప్రతిచోటా ఒక్కొక్కరి పేరూ పిలిచి, పలికాకే కదలాలని కూడా రాశాను.

మేస్త్రి కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదేందయ్యా రైటరూ, బళ్ళో హాజరా?"

"ఎవరన్నా వెనకబడితే మీకెట్టా తెలుస్తది?" అన్నాను.

"మాకు తెలుస్తదిలే. నువ్వు పొలాలకి హద్దులు రాసుకో, చాలు."

అందరూ నవ్వారు. ఆ తర్వాత అదే కాగితాన్ని పరిచి, దాని మీద మరమరాలు పోసి, ఉల్లిపాయ ముక్కలు కలిపి నడుమ పెట్టాడు. నాయన కూడా తిన్నాడు. నేను ముట్టుకోలేదు.

మేం పద్దెనిమిది మందిమి. బస్సులో నాకు సీటు ఉంచలేదు, డోర్నాల దాకా నిలబడే పోయాను. మొదటి రోజు నడకలో అందరికంటే వెనక నన్ను పెట్టారు. నాయన నా కోసమే వెనక నడుస్తున్నాడని ఎవడో అన్నాడు. నిజానికి ఆయన ఆయాసం వల్ల వెనకబడుతున్నాడు, ఆ సంగతి నేను చెప్పలేకపోయాను. అడవి అంచున చెంచుగూడెంలో మాకు దారి చూపడానికి ఒకతను కుదిరాడు. అతనే వెదుళ్ళు కొట్టి మనిషికొక కర్ర తయారుచేశాడు. నేను నాయన కోసం నీళ్ళు పట్టుకొచ్చేసరికి పంపకం అయిపోయింది. "ఇది నీది, పోగొట్టుకోకు" అని మేస్త్రి నా చేతిలో ఒకటి పెట్టాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

రెండోరోజు తెల్లారేసరికి లోయలోనుంచి మంచు లేచి దారిని మింగేసింది. టేకు ఆకుల మీంచి వాన కురిసినట్టు నీళ్ళు కారుతున్నాయి. ముందు నడిచేవాడి వీపు ఒక్కటే కనిపించేది, అదీ బూడిదరంగు ముద్దలాగా. మాటలు ఎటునుంచి వస్తున్నాయో తెలిసేది కాదు. నాయన ఉన్నాడని నాకు ఆయన దగ్గును బట్టే తెలుస్తోంది. రాళ్ళ మీద పాకుడు. ఒక్కో అడుగూ కర్రతో పొడిచి చూసుకుని వేస్తున్నాం.

ఒకచోట నాయన నా భుజం తట్టాడు. "ఒరేయ్, ఈ కర్ర పట్టుకో. చెంబట్టుకుని అవతలికి పోయొస్తా."

"ఇక్కడే ఉంటాలే."

"నువ్వట్టా కాపలా నిలబడితే నాకు రాదు. నడువు, అందుకుంటా."

మెల్లగా నడిచాను. ముందున్నవాడు వెనక్కి తిరిగి, "ఏంది రైటరూ, అప్పుడే కాళ్ళు పట్టేసినయ్యా?" అన్నాడు. ఆ మాటకి అడుగు పెద్దది చేశాను. అలా చేయకుండా ఉండాల్సింది.

కాసేపటికి వాగు పక్కన ఒక చదును బండ మీద ఆగాం. అందరూ తమ కర్రలు ఒక చెట్టుకి ఆనించారు. నేనూ నా చేతిలోని రెండూ ఆనించాను. మేస్త్రి చెట్టు దగ్గరికి పోయి, కర్రల కొసలు ఒక్కొక్కటిగా తాకుతూ గొణుక్కున్నాడు. "పద్దెనిమిది. నడవండి."

"మేస్త్రీ, మా నాయన ఇంకా రాలేదు" అన్నాను.

"లెక్క సరిపోయింది రైటరూ. ముందెక్కడో ఉంటాడు."

"నా వెనకున్నోడు ముందుకెట్టా పోతాడు?"

"ఈ మంచులో నీకు వెనకేదో ముందేదో ఏం తెలుసయ్యా? మీ నాయన ఈ దారిలో చానాసార్లు నడిచినోడు."

మళ్ళీ నవ్వారు. చెయ్యి కర్రల మీదున్నా, ఆయన మనుషుల్నే లెక్కపెట్టాడనుకున్నాను. నేను కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు నాయన నన్ను దాటి పోయాడేమో అనుకున్నాను. ఇంకోసారి అడిగితే ఇంకోసారి నవ్వుతారని అడగలేదు. మిగతా అన్నిటికీ నా దగ్గర జవాబు ఉంది. దీనికి మాత్రం లేదు. రెండు కర్రలూ తీసుకుని బయల్దేరాను.

మధ్యాహ్నానికి పైకి చేరాం, మంచు విడిపోయింది. అన్నానికి విస్తళ్ళు వేస్తే ఒకటి మిగిలింది. నేను లేచి ముందు నుంచి వెనక దాకా అందరి మొహాలూ చూశాను. మేస్త్రి నా పక్కనున్న కర్రలు చూశాడు.

"ఆ రెండోది ఎవరిది?"

"నాయనది."

"నీ చేతికెట్టా వచ్చింది?"

"పట్టుకోమని ఇచ్చాడు."

మేస్త్రి కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి లేచాడు. నా పక్కన కూర్చున్న ముసలాయన అప్పుడు చెప్పాడు నాకు సంగతి. గనిలో రాయి పగలడానికి మందు తూటా పేల్చే ముందు పైకొచ్చిన ప్రతివాడూ తన గడ్డపార గట్టు మీద పెడతాడు. మేస్త్రి గడ్డపారలు లెక్కపెట్టి, అన్నీ ఉంటేనే వత్తి ముట్టిస్తాడు. దుమ్ములో మనుషులు అటూ ఇటూ కదులుతుంటారు, గడ్డపార కదలదు. అందుకని ఒకడి గడ్డపార ఇంకొకడు పైకి తేవడం ఎన్నడూ లేదు. కొండ మీద కర్రలకీ అదే పద్ధతి. పదిహేడు మందికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు.

నాయనకీ తెలుసు.

మేస్త్రి, చెంచు అతను, నేను వెనక్కి పరిగెత్తాం. మేస్త్రి రెండుసార్లు పడ్డాడు, మోకాళ్ళు చీరుకుపోయాయి, ఆగలేదు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. మేం ఆగిన బండ దాటి ఇంకాస్త వెనక్కి పోతే, వెదురు కొట్టేవాళ్ళ బాట ఒకటి చీలి దిగువకి పోతుంది. చెంచు అతను దాని మీద జారిన గుర్తు పట్టాడు. నాయన ఆ బాట కింద, రాళ్ళ వాగులో ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. తుంటి విరిగింది. పంచె, చొక్కా నీళ్ళలో నాని ఒంటికి అంటుకుపోయాయి. పెదాలు నల్లబడ్డాయి. మేస్త్రి తన కంబళి కప్పి, ఎత్తి వీపుకి కట్టుకున్నాడు. పొద్దుగూకే వేళకి రోడ్డు చేరి, ఒక లారీ ఆపి ఎక్కించాం. మర్నాడు నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చాం.

ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. తొమ్మిది రోజులున్నాడు. మూడోరోజు గనివాళ్ళందరూ చూడటానికి వచ్చారు. మేస్త్రి మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. నాయన కళ్ళు తెరిచి, "నీ తప్పేం లేదు మేస్త్రీ. కర్ర నేనే ఇచ్చా. తెలిసుండే ఇచ్చా" అన్నాడు. అంతమంది విన్నారు. ఊళ్ళో మాట అక్కణ్ణుంచే పుట్టింది. నేను తలగడ దగ్గరే ఉన్నాను. నా తప్పు లేదని మాత్రం ఆయన అనలేదు.

ఆరోరోజు జావ తాపుతూ అడిగాను. "పడ్డాక కేకెయ్యలేదా?"

"ఎందుకెయ్యలా. గొంతు పోయిందాకా ఏశా."

"నాకు వినపళ్ళేదే."

"నిన్ను పిలవలేదురా. మేస్త్రిని పిలిచా."

చెంచా గిన్నెలో పెట్టాను. "నీకు దగ్గర్లో ఉంది నేను గదా?"

"నీకు అడవి తెలవదు గదరా" అన్నాడు. నోరు తెరిచాడు, జావ కోసం. మిగిలింది తాపాను. ఆ మాట నా మీద ప్రేమతో అన్నాడో, నేను పనికిరానని అన్నాడో అడిగితే చెప్పేవాడేమో. అడగలేదు. ఇంకో మూడు రోజులకి పోయాడు.

పాడె ఎత్తేటప్పుడు మేస్త్రి భుజం పట్టడానికి ముందుకొచ్చాడు. మోకాళ్ళకి కట్లు ఇంకా ఉన్నాయి. "నువ్వొద్దు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూశారు. మా బాబాయి నా చెవిలో, "మీ నాయన ఉంటే దీనికి ఒప్పుకుంటాడంట్రా?" అన్నాడు. ఒప్పుకోడని నాకు తెలుసు. అయినా వద్దన్నాను. మేస్త్రి పక్కకి జరిగి, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చాడు.