కిందవీధి సిమ్ము

“ఇంట్లో నెట్టు పలకాల. బస్సులో పలకాల. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కూసున్నా పలకాల, పులివెందల బస్టాండులో దిగినా పలకాల. అట్టాంటిది ఏదుంటే అది ఇయ్యి హబీబుల్లా.”

“మీ ఊర్లో ఉండేవే రెండు టవర్లు మామా. ఒకటి నీ నెత్తినే ఉండాది.” హబీబుల్లా తలెత్తి చూశాడు. “దాని నీడలో కూసోని నన్నడుగుతాండావే!”

“ఇది గాదు. ఆ పక్కది.”

హబీబుల్లా నవ్వబోయి ఆగిపోయాడు. జమ్మలమడుగు బస్టాండు ముందర గొడుగేసుకుని సిమ్ములమ్ముకునే అతను, పదేళ్ళుగా వారానికొకసారి మోపెడ్ మీద ఈ ఊరికొస్తున్నాడు. ఎవరికి ఏ సిమ్ము కావాలో ఎప్పుడూ అడగలేదు. మనిషి ఏ వీధిలోంచి నడిచొచ్చాడో చూస్తే సరిపోయేది.

“కిందవీధి సిమ్ము నీకు అమ్మితే నీకేమైతాదో నాకు తెల్దు గానీ, నా గొడుగు మాత్రం మిగలదు మామా.”

“ఏం గాదులే. కార్డు నాది, ఏలిముద్ర నాది. ఉండే ఒక్క చెయ్యీ నాదే గదా.”

ఓబులేసుకు కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు. వాచ్‌మన్ చొక్కా కుడిచేతిని మోచేతి దాకా మడిచి పిన్నీసు పెట్టుకుంటాడు. ఆ పిన్నీసు రోజూ పెట్టేది భార్య యల్లమ్మ. ఏడాదిన్నరగా ఎడమచేత్తో తానే పెట్టుకుంటున్నాడు, వంకరగా.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయే దారిలో, నాపరాతి గనులు దాటాక వస్తుంది ఆ ఊరు. పైవీధికొక పెద్దాయన, కిందవీధికొక పెద్దాయన. పైవీధిలో ఓబులేసు వాళ్ళకు గొర్రెల మంద ఉండేది. ఏ వీధి గొర్రెకైనా గడ్డి ఒకటే అనుకునే రోజుల్లో ఒక ఎండాకాలం కిందవీధి వాళ్ళు ఆ మందను తోలుకుపోయారు. పైవీధి పెద్దాయన నలుగురు మనుషుల్ని పంపి మూడోరోజుకల్లా మందను తెప్పించి దొడ్లో నిలబెట్టాడు. “ఎంచుకో ఓబులేసూ, ఒక పిల్ల తగ్గినా చెప్పు,” అన్నాడు. ఒక్క పిల్లా తగ్గలేదు. ఆ పొద్దు నుంచి ఓబులేసు ఆయన మనిషి.

తొంభై ఎనిమిదిలో పైవీధి వాళ్ళు కిందవీధిలో చిన్నన్న అనే అతన్ని చంపారు. ఆ మాట ఎవరు అడిగినా ఓబులేసు ఒకేరకంగా చెబుతాడు.

“వానికి తగిలిన బాంబు నేనేసింది గాదు. నేనేసేది నా చేతిలోనే పేలె. కానీ ఆడుండా. లేనని యాపొద్దూ చెప్పలా.”

సాక్షులు అడ్డం తిరిగి కేసు కొట్టేశారు. చిన్నన్న తమ్ముళ్ళు మాత్రం పగ వదల్లేదు. జైలు నుంచి వచ్చినాక ఓబులేసు ఊరి పొలిమేర దాటలేదు. అది అతనొక్కడి బతుకు కాదు. ఆ ఏళ్ళలో రెండు వీధుల్లోనూ కేసుల్లో పేరున్న మగవాళ్ళంతా అట్లాగే ఉండిపోయారు. వకీలు దగ్గరికీ, ఎరువుల అంగడికీ, సంతకూ ఆడవాళ్ళే పోయేవాళ్ళు. ఆడదాని జోలికి పోకూడదన్న కట్టుబాటు ఒక్కటే రెండు వీధులూ తప్పలేదు. పైవీధి ఆడవాళ్ళూ కిందవీధి ఆడవాళ్ళూ ఒకే బస్సులో, మాట్లాడుకోకుండా, ఒకరి చంకలోని బిడ్డను ఒకరు పట్టుకుంటూ తిరిగేవాళ్ళు. యల్లమ్మ ఎప్పుడూ కుడిపక్క కిటికీ దగ్గర కూర్చునేది. ఇరవై రెండేళ్ళు ఆ ఇంటికి కాళ్ళు ఆమెవే.

తర్వాత ఒక కంపెనీవాళ్ళు టవరు పెట్టడానికొస్తే పెద్దాయన తన చేను చూపించాడు. “చెయ్యి పోగొట్టుకున్నోడు, వానికీయండి వాచ్‌మన్ పని,” అన్నాడు. ఏడాది తిరక్కుండానే కిందవీధి పెద్దాయన ఇంకో కంపెనీని పిలిపించి తన చేలో ఇంకో టవరు నిలబెట్టించాడు. దాంతో ఫోన్లకు కూడా వీధులొచ్చాయి. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎవరని అడిగే ముందు మొదటి నాలుగు అంకెలు చూసేవాళ్ళు. పైవీధి పెళ్ళికొడుకు ఒకడు పొరపాటున కిందవీధి సిమ్ముతో మామకు ఫోన్ చేస్తే, “ఏమప్పా, మాకు చెప్పకుండా పార్టీ మార్చినావంట?” అన్న ఆయన పలకరింపుకే వాడు సిమ్ము విరిచి పారేశాడు.

ఓబులేసుకు ఒక్కతే కూతురు, సిద్దేశ్వరి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివి బెంగుళూరులో ఉద్యోగం సంపాదించుకుంది. ఎక్కడెక్కడి ఆసుపత్రులవో రోగుల కాగితాలు కంప్యూటర్లో చూసి తప్పులు దిద్దే పని. కరోనా వచ్చిన ఏడు ఇంటి నుంచే చెయ్యమని పంపేశారు. అప్పటికే యల్లమ్మకు కిడ్నీలు చెడి వారానికి రెండుసార్లు ప్రొద్దుటూరులో డయాలసిస్. తోడు వెళ్ళాల్సింది సిద్దేశ్వరే. అంటే ఇంట్లో ఉన్నప్పుడూ పని జరగాలి, దోవలోనూ జరగాలి.

బస్సులు మళ్ళీ తిరగడం మొదలయ్యాక ఆ పిల్ల రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. తర్వాత తల్లి పక్కన బస్సులో కూర్చుని ఒక రూళ్ళ నోటుబుక్కులో రాసుకుంది: గనుల దగ్గర ఏది తెగుతుంది, పెన్న వంతెన మీద ఏది పలుకుతుంది, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మంచం పక్కన ఏదుంటుంది, వరండాలో ఏదుంటుంది. పది రోజులు చూసి చెప్పింది.

“ఇంట్లో రెండూ ఒకటే నాయనా. దోవలో మాత్రం కింద టవరు కంపెనీదే బాగుండాది. అది తీసుకుంటా.”

“మనింట్లో కిందవీధి సిమ్మా?”

“సిమ్ముకు వీధేంది నాయనా!”

“నీకు తెల్దులేమ్మే. కింద టవరు కాడ కరెంటు పోతే ఎవురేస్తారు జనరేటరు? వానికి బుద్ధి పుట్టినప్పుడేస్తాడు. ఈడ నేనుండా. రెప్పపాటు గూడా పోనీను. నా మాట ఇను.”

ఆమె విన్నది. నెట్టు చూసి కాదు, తండ్రిని చూసి తీసుకుంది పైవీధి సిమ్ము. ఓబులేసు కూడా మాట నిలబెట్టుకున్నాడు. కరెంటు పోయిన మరుక్షణం లేచి, ఒంటిచేత్తో జనరేటరు వేసేవాడు. కూతురికి నెట్టు అందించడం అతనికి, ఎవరితో చెప్పుకోకపోయినా, పొలిమేర దాటి పోయి వచ్చినంత పని. బస్సులో తెగే చోట్లు తెగుతూనే ఉన్నాయి. పని మధ్యలో మాయమవుతున్నావని కంపెనీ రెండుసార్లు ఉత్తరం రాసింది. మూడోసారి తీసేస్తామంది.

మరుసటి ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. పోలింగుకు ముందురోజే కింద టవరు వైరు ఎవరో తెంపారు. పోలింగు నాడు పొద్దున తొమ్మిదికి పైవీధి పెద్దాయన అల్లుడు ఫోన్ చేశాడు.

“ఓబులేసూ, ఆపేయ్. బూతులోనుంచి ఒక్క ఫొటో గూడా బయటికి పోకూడదు. నేను చెప్పేదంకా ఎయ్యాకు.”

“పాపకు పనుండాది సామీ, ఈపొద్దు…”

“మందను తోలకొచ్చినప్పుడు మాకు పన్లేకనే వచ్చినామా?”

పొద్దున్నుంచీ ఊర్లో కరెంటు లేదు. ఓబులేసు జనరేటరు ఆపి, బ్యాటరీల స్విచ్చు దించాడు. ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.

పావుగంటకు సిద్దేశ్వరి పరిగెత్తుకుంటూ వచ్చింది. కంచె బయటే నిలబడి రొప్పుతూ అడిగింది. “నాయనా, జనరేటరు ఎయ్యలేదే?”

“డీజిలు అయిపోయిందమ్మే.”

నోటికొచ్చిన మొదటి మాట అది. ఆమె వెనక్కి తిరిగి పరిగెత్తింది. ఎన్నికల నాడు ఓటుకు తప్ప ఆడపిల్లలెవరూ బయటికి రారు. పోలీసుల మధ్య నుంచి, కర్రలు పట్టుకుని కూర్చున్న వాళ్ళ మధ్య నుంచి ఆమె ఒక్కతే పోయి, ట్రాక్టరున్న గురవమ్మను అడిగి, ఐదు లీటర్ల క్యాను డీజిలు మోసుకొచ్చింది. చున్నీ నిండా డీజిలు మరకలు.

“పొయ్యి నాయనా, బిన్నా పొయ్యి. పదింటికి కంపెనీవాళ్ళు చూస్తారు.”

ఓబులేసు క్యాను అందుకున్నాడు. అందుకుని నిలబడ్డాడు. దించనూ లేదు, పొయ్యనూ లేదు. ఆమె చూపు క్యాను మీద నుంచి తండ్రి చేతికీ, చేతి మీద నుంచి జేబుకూ పోయింది. ఫ్యూజు తెల్లటి పింగాణీ తల జేబులోంచి కనబడుతోంది.

ఆమె చున్నీతో చేతులు తుడుచుకుని ఇంటికి పోయింది.

మూడోరోజు ఉద్యోగం పోయిందని కబురొచ్చింది. నెల తిరక్కముందే పులివెందులలో ఒక చిన్న కంపెనీలో పని చూసుకుని, వారానికి రెండ్రోజులు ఆఫీసు, తక్కినవి గది నుంచే అన్న మాట మీద, తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. యల్లమ్మ డయాలసిస్ కూడా అక్కడికే మారింది. బస్సెక్కే ముందు యల్లమ్మ అతని చొక్కా చేతికి పిన్నీసు పెట్టి, “దినామూ ఉతుక్కో,” అని మాత్రం అంది. ఎన్నికలయిన ఆర్నెల్లకు పెద్దాయనలిద్దరూ ఒకే పార్టీ కండువా వేసుకుని, ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో పక్కపక్కనే కూర్చుని భోంచేశారు. చిన్నన్న తమ్ముళ్ళను ఆ పంక్తికి ఎవరూ పిలవలేదు. ఓబులేసునూ పిలవలేదు.

“ఇప్పుడేమైంది మామా మరి?” హబీబుల్లా మోపెడ్ సీటు మీద నుంచి దిగి వచ్చి నేల మీద కూర్చున్నాడు.

“యల్లమ్మకు ఇంక సూది పట్టేదానికి నరం దొరకడంలేదంట. మెడ కాడ పెడతాండారంట. డాక్టరు శానా దినాలు చెప్పలా. ఆయమ్మేమో ఇంటికి తోలకపో అంటాంది. ఆ గదిలో పోను, నా వాకిట్లో పోతానంటాంది.” ఓబులేసు ఎడమచేత్తో ముఖం తుడుచుకున్నాడు. “పాప ఏడాదిన్నర తర్వాత మొన్న ఫోన్ చేసె. ‘అమ్మను తోలకొస్తా. పని ఇడిసిపెట్టలేను, మందులకు అదే ఆధారం. అమ్మను ప్రొద్దుటూరికి తిప్పాల, నేను పులివెందలకు పొయ్యిరావాల. ఇంట్లోనూ దోవలోనూ నెట్టుంటే వస్తా. నీ టవరుది మాత్రం వద్దు’ అనె.”

“ఇంకేమనింది?”

“అంతే. ఎట్లుండావని గూడా అడగలా.”

హబీబుల్లా సంచిలోంచి వేలిముద్రల మిషను తీశాడు. ఓబులేసు ఎడమ బొటనవేలు పెట్టాడు. మిషను ఎర్రగా వెలిగింది. ఇంకోసారి పెట్టాడు. మళ్ళీ ఎరుపే.

“అరిగిపోయినాది మామా నీ ఏలు. రెండు చేతుల పనీ దానికే పడె గదా.”

ఓబులేసు వేలిని తల నూనెకు రుద్ది, పంచెకు తుడిచి, గట్టిగా అదిమాడు. ఈసారి పచ్చగా వెలిగింది. దోవన పోతున్న పైవీధి మనిషొకడు సైకిలు ఆపి, సిమ్ము అట్ట రంగు చూసి, తొక్కుకుంటూ పోయాడు.

“పాయె మామా. సాయంత్రానికి పెద్దాయనకు తెలుస్తాది. ఉద్యోగం పీకుతారు.”

“పీకనీ. ఫ్యూజు పీకినంత సులువే గదా.”

“నువ్వే ఒకతూరి బస్సెక్కి పోరాదా మామా? పెండ్లాన్ని చూసినట్టుంటాది. కాలం మారిపాయ.”

ఓబులేసు పొలిమేర వైపు చూశాడు. “రెండుతూర్లు పొయినా పొలిమేర రాయి కాడికి. బస్సు ఆపినాడు గూడా. కాళ్ళు రాలా.” తర్వాత షెడ్డులోకి వెళ్ళి, అట్ట మీద డీజిలు మరకలున్న రూళ్ళ నోటుబుక్కు తెచ్చి హబీబుల్లా ఒళ్ళో పెట్టాడు.

“ఇది పాప రాసింది. ప్రొద్దుటూరు దంకానే రాసినాది, అదీ పాతది. నువ్వు ఈ కొత్త సిమ్మేసుకోని ప్రొద్దుటూర్లో బస్సెక్కు. జమ్మలమడుగు, ఈ ఊరు, ముద్దనూరు, ఆడ బస్సు మారి పులివెందల దంకా పో. ఫోను చేతిలోనే పట్టుకో. కుడిపక్క కిటికీ కాడ కూసో, యల్లమ్మ కూసునేది ఆడే. యాడ పలుకుతాదో, యాడ తెగుతాదో, ఎంతసేపు తెగుతాదో అంతా దీంట్లో రాసి, సిమ్మూ బుక్కూ పాప చేతికే ఇయ్యి.”

“ఎవురు పంపినారంటే?”

“నా పేరే చెప్పు. నన్ను సంతోషపెట్టాలని సిగ్నలు గీత ఒకటి ఎక్కువ ఎయ్యాకు అబ్బీ. లేని కాడ లేదనే రాయి. లెయ్యి, మోపెడ్ ఈడే పెట్టు, ప్రొద్దుటూరుకు పోయే పదకొండు బస్సుకు టైమాయ.”